బొటనవేలు మడిచి

ఏప్రిల్ 2

దాణా కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ. తమ్ముడు దాని మీద పురుగుమందు డబ్బా పెట్టేవాడు. అట్ట మీద గుండ్రంగా జిడ్డు మరక. సబ్బుతో తుడిచినా వాసన పోలేదు. అయినా ఇందులోనే రాస్తాను. ఈ ఇంట్లో ఏ మాటన్నా మూడు గదులకీ వినపడుతుంది.

పొద్దున పాలు పితుకుతుంటే మచ్చావు తన్నింది. దూడగా ఉన్నప్పటి నుంచి నా చేతి కింద పెరిగిన ఆవు. చెంబు బోర్లా పడి పాలు పేడలో కలిశాయి. ఆ పేడా పాలూ నా పాదాల మధ్య నుంచి కాలువ కట్టి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. అసహ్యం వేసింది. దేని మీదో తెలియలేదు. తమ్ముడు తెచ్చిన కొత్త దాణా మీద అనుకుంటాను. దానికి బూజు వాసన. అది తినే ఆవు తన్నక ఏం చేస్తుంది.

ఏప్రిల్ 4

మరదలు పాకలోకి రాదు. గుమ్మం దాకా వచ్చి నిలబడుతుంది. నేను రావద్దనలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకసారి పితకడానికి కూర్చుంది. చన్నుని గుప్పెట్లో మొత్తంగా పట్టుకుని, బొటనవేలు బయటికి వదిలేసి, తడిబట్ట పిండినట్టు పిండుతోంది.

"ఎవరు నేర్పారే నీకిది?" అన్నాను.

"మా అమ్మ, వదినా. మా ఇంట్లో అందరం ఇలాగే."

"మీ ఇంట్లో ఎలాగైనా పిండుకోండి. ఇక్కడ బొటనవేలు మడిచి పితుకుతాం. అది వచ్చాకే పాకలోకి రా."

నేర్చుకోలేదు. రాలేదు. అంతే జరిగింది.

బొటనవేలిని అరచేతిలోకి మడిచి, ఆ కణుపుకీ మిగతా వేళ్ళకీ మధ్య చన్నుని ఇరికించి, మణికట్టు కిందికి వంచుతూ లాగాలి. అప్పుడు ధార చెంబు అడుగున గంట కొట్టినట్టు మోగుతుంది. నాన్న చేతి కింద అలా మోగేది. నా మొగుడు పోయి, పెట్టె పట్టుకుని ఈ ఇంటికి తిరిగొచ్చిన రోజు నాన్న ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. చెంబు తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి పాక నాది. మిగతా ఇల్లంతా వాళ్ళది.

ఏప్రిల్ 7

మణికట్టు దగ్గర, బొటనవేలు వైపు, పోటు. నిద్రలో చెయ్యి ఒంటి కింద పడి నలిగి ఉంటుంది.

ఏప్రిల్ 8

నలగడమే.

ఏప్రిల్ 13

ఈ రోజు పాలకేంద్రానికి నేనే క్యాను తీసుకెళ్ళాను. అక్కడ పాలు కొలిచేవాణ్ణి అందరూ నురగాయన అంటారు. కొలిచేముందు నురగంతా అరచేత్తో పక్కకి తోసేస్తాడు, అందుకని. అతని మణికట్టు వెనకవైపు ఒక గడ్డ లేచింది. గోలీకాయంత. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తున్నాడు.

"నొక్కి చూడక్కా, లోపల జారుతుంది."

"నాకెందుకయ్యా నీ గడ్డ."

"నొప్పేం లేదక్కా. నీళ్ళ సంచిలాంటిదంట. వస్తుందంట, పోతుందంట. మా మామ తూకపురాయి పెట్టి ఒక్కటేస్తే పగిలిపోతుందన్నాడు. ధైర్యం చాలక ఆగాను."

నొక్కి చూపించాడు. చర్మం కింద చేప కన్నులా అటూ ఇటూ తిరిగింది. ఆ చేత్తోనే మళ్ళీ నురగ తోశాడు. నేను క్యాను ఎడమ చేత్తో ఎత్తడం చూసినట్టున్నాడు.

"కుడి చెయ్యి సెలవు పెట్టిందా?" అన్నాడు.

నవ్వకుండా వచ్చేశాను.

ఏప్రిల్ 17

చెంబు ఎత్తితే పోటు. తలుపు గడియ తీస్తే పోటు. పాత్ర తోమే గుడ్డ పిండితే మోచేతి దాకా నిప్పు పాకినట్టుంది. బొటనవేలు మొదట్లో, మణికట్టు ఎముక మీద, బఠాణీ గింజంత వాపు. వేలు పైకీ కిందికీ కదిపితే లోపల తడి తోలు రాసుకున్నట్టు కిర్రుమంటోంది. నా ఒంట్లో నుంచి అలాంటి చప్పుడు రావడం రోతగా ఉంది. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కదిపాను. వచ్చింది.

మరదలు గుమ్మంలో నుంచి అంది. "వదినా, చెయ్యి వాచినట్టుంది."

"దోమ కుట్టింది."

"అంత దోమ కుడితే ఆవుకి కూడా జ్వరం రావాలి" అని లోపలికి పోయింది.

ఎక్కువ మాట్లాడుతోంది ఈ మధ్య.

ఏప్రిల్ 20

పెయ్యకి పొదుగు దిగుతోంది. తొలిచూలు. ఇంకో రెండు నెలల్లో ఈనుతుంది. మచ్చావు కూతురే. తల్లి పోలికే, నడుం మీద అదే తెల్ల మచ్చ.

తమ్ముడు తింటూ అడిగాడు. వాడు తినేటప్పుడు చప్పుడు చేస్తాడు, చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళాం ఏమీ అనదు. నాకు మాత్రం పక్కన కూర్చుంటే ఆకలి చస్తుంది.

"అక్కా, పెయ్యకి ఎవరు కూర్చుంటారు?"

"ఎవరు కూర్చోవడమేంటి?"

"అదే... పితకడానికి."

"ఈ ఇంట్లో తొలిచూలు దేనికైనా నేను తప్ప ఎవరైనా కూర్చున్నారా?"

"లేదులే. అడిగాను అంతే."

పెయ్యకి మొదటిసారి ఏ చెయ్యి తగిలితే ఆ చేతికే అలవాటవుతుంది. తర్వాత ఇంకొకరు కూర్చుంటే చేపదు, పాలు పైకి లాగేసుకుంటుంది. వాడికి ఇది తెలుసు. తెలిసే అడిగాడు. పెయ్య ఎవరి చేతికి అలవాటైతే వచ్చే పదేళ్ళూ పాక వాళ్ళది.

ఈనేలోపు తగ్గిపోతుంది. దోమ కుట్టిన వాపు ఎన్నాళ్ళుంటుంది.

ఏప్రిల్ 24

ఎముకలు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు. దారాలు కొనాలని చెప్పి వెళ్ళాను.

ఆయన గది నిండా పాత గుడ్డలు, తెలియని జిడ్డు. నా చెయ్యి అందుకోకముందే, "నరం పక్కకి జరిగింది" అన్నాడు.

"చూడకుండానే ఎలా తెలిసింది?"

"నా దగ్గరికొచ్చే నరాలన్నీ పక్కకి జరిగినవే అమ్మా."

బొటనవేలు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరవలేదు. తర్వాత కోడిగుడ్డు పగలగొట్టి, అందులో నల్లటి పొడేదో కలిపి, వేలితో తిప్పి, ఆ వేలు గోడకి తుడుచుకున్నాడు. ఆ ముద్ద మణికట్టు చుట్టూ మెత్తి గుడ్డ చుట్టాడు. తడపకూడదంట. వారం ఉంచాలంట.

ఇంటికి వచ్చేసరికే వాసన మొదలైంది.

ఏప్రిల్ 25

చచ్చిన ఎలుక వాసన.

ఏప్రిల్ 26

మచ్చావు కట్టు వాసన చూసి బుస్సుమంది. పొదుగు దగ్గరికి చెయ్యి పోగానే పక్కకి జరుగుతోంది. సగం కూడా చేపలేదు. దూడని వదిలి మళ్ళీ లాగి పితికితే కాసిని వచ్చాయి. పనికిమాలిన ఆవు. ఇన్నేళ్ళు మేపితే వాసన వంక పెడుతుంది.

తమ్ముడు అన్నం గదిలోకి వచ్చి ముక్కు మూసుకుని నిలబడ్డాడు. "ఏదో చచ్చిందక్కా ఇంట్లో."

మరదలు తల దించుకుని వడ్డిస్తోంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది.

ఏప్రిల్ 28

తొట్టి దగ్గర కట్టు విప్పేశాను. లోపల చర్మం నానిన కాగితంలా తెల్లగా, ముడతలు పడి, అక్కడక్కడ నీళ్ళ పొక్కులు. గుడ్డు సొన ఎండి వెంట్రుకలకి పట్టుకుంది. గీకి కడిగాను. వాపు అలాగే ఉంది. తొట్టి నీళ్ళు పెయ్య తాగలేదు. పారబోశాను.

మే 3

పాలల్లో పలుకులు వచ్చాయని నురగాయన క్యాను వెనక్కి పంపాడు. తమ్ముడి చేత కబురు. "అక్కని అడుగు, పాలు పితుకుతోందా, పెరుగు పితుకుతోందా అని."

వాడి గడ్డ పగలా.

మే 4

మచ్చావు వెనకవైపు కుడి చన్ను. చెయ్యి పెడితే రాయిలా ఉంది, వేడిగా. మొదటి ధార పాలు కాదు. పసుపుపచ్చటి నీళ్ళు, అందులో తెల్లటి ముక్కలు, చివర రక్తపు చార. అరచేతిలోకి తీసుకుని చూశాను. వెచ్చగా ఉంది. వాసన చెప్పలేను. అక్కడే వాంతి చేసుకున్నాను.

ఆవు మాత్రం కదలకుండా నిలబడింది. తన్నలేదు. తన్ని ఉంటే బాగుండేది.

మే 5

పశువుల డాక్టరు వచ్చాడు. పొదుగువాపు. సూదులు రెండు, చన్నులోకి ఎక్కించే మందు గొట్టాలు. చన్ను మొన పట్టుకుని రెండు వేళ్ళ మధ్య దొర్లించి చూశాడు.

"లోపలి పొర నలిగిపోయింది. గట్టిదేదో రోజూ ఒకే చోట నొక్కినట్టుంది. పైగా పొదుగులో పాలు మిగిలిపోతున్నాయి. ఎవరు పితికేది?"

తమ్ముడు నేల చూశాడు. మరదలు గుమ్మం చూసింది.

"దాణాకి బూజు పట్టింది డాక్టరుగారూ, దాని వల్లే" అన్నాను.

"దాణా నోట్లోకి పోతుందమ్మా, చన్నులోకి పోదు."

తమ్ముడికి దగ్గు వచ్చింది.

ఆ చన్నులో ఉన్నదంతా గంటకోసారి పిండి పారబోయాలంట. మెత్తగా, చివరిదాకా. నేను కూర్చున్నాను. రెండు లాగులు లాగేసరికి చేతిలో నుంచి చన్ను జారిపోయింది. పట్టు నిలవలేదు. వేళ్ళు నావి కానట్టుంది.

"లేవండి వదినా" అంది మరదలు. గుమ్మం దాటి వచ్చింది. అడగలేదు. బకెట్ తిరగేసి దాని మీద కూర్చుంది. గుప్పెడు మూసి, బొటనవేలు బయటికి, పై నుంచి ఒక్కో వేలూ బిగిస్తూ. ఆ చీము ఆమె మోచేతి దాకా కారింది. మొహం తిప్పుకోలేదు. నాకే చూడబుద్ధి కాక బయటికి వచ్చేశాను.

చేతులు కడుక్కున్నాక వాసన సబ్బు రాసుకుంటుంది. పాకలో ఆ పూల వాసన. చీము, పూలు.

మే 9

ఏం లేదు. చెయ్యి అలాగే.

మే 12

తమ్ముడు పెద్దాసుపత్రికి పోదామన్నాడు. ఆవుకి డాక్టరుని పిలిచినప్పుడు నాకేం తక్కువ అన్నాడు. ఆవుతో పాటే లెక్కేశాడు. సరేనన్నాను.

మే 14

ఆసుపత్రి. ఎముకల గది బయట పొడుగు బల్ల. ఆ బల్ల మీద ఉన్నవాళ్ళందరివీ చేతులే. కాళ్ళవాళ్ళు వేరే వైపు.

నా పక్కన దర్జీ పని చేసే ఆమె. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కిపోతాయంట. కత్తెర ఎప్పుడు జారిపోతుందో తెలియదంట.

"నిద్రలో చీమలు పాకినట్టుంటుందమ్మా. లేచి చెయ్యి దులుపుకుంటాను. మా ఆయన దెయ్యం పట్టిందనుకున్నాడు."

"చిటికెనవేలు?"

"దానికేం కాదు. పని చెయ్యని వేలుకి రోగం కూడా రాదు."

నవ్వింది. పళ్ళ మధ్య దారం ముక్క ఇరుక్కుంది. అటువైపు ఒక ముసలావిడ, స్నానాల గదిలో జారి అరచెయ్యి ఆనించి పడిందంట. మణికట్టు దగ్గర చెయ్యి గరిటె వంపు తిరిగి ఉంది. చూడలేక గోడ చూశాను. గోడ మీద ఎవరో మందు ఉమ్మిన చార. ఇంకో కుర్రాడు, ఆటలో పడి నెల దాటిందంట. బెణుకే అనుకుని తిరిగాడు. ఫోటో తీస్తే బొటనవేలు కింద గుంటలో చిన్న ఎముక విరిగి ఉందంట. దానికి రక్తం సరిగా అందదంట, అతకడం కష్టమంట. వాళ్ళమ్మ కుర్రాణ్ణి తిడుతూ ఉంది, కుర్రాడు ఫోన్ చూస్తూ ఉన్నాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. తమ్ముడు కూడా లోపలికి వచ్చాడు. నా వాపు మీద ఒక్క వేలితో నొక్కింది. చెయ్యి లాగేసుకున్నాను.

"బొటనవేలు అరచేతిలోకి మడవండి" అంది. మడిచాను. "దాని మీద పిడికిలి బిగించండి." బిగించాను. "ఇప్పుడు మణికట్టుని చిటికెనవేలు వైపుకి, కిందికి వంచండి."

వంచాను. కుర్చీలో నుంచి లేచిపోయాను. నా కాలు బల్లని తన్నింది. ఆమె కలం కింద పడింది.

"ఇదేనమ్మా పరీక్ష. బొటనవేలుని లేపే తాళ్ళలాంటి నరాలు రెండు ఇక్కడ ఒక ఇరుకు గొట్టంలో నుంచి పోతాయి. ఆ గొట్టం వాచింది. వేలు మడిచి చెయ్యి వంచితే నరాలు సాగి రాసుకుంటాయి. పసిపిల్లల్ని ఎత్తే తల్లులకి వస్తుంది, బట్టలు పిండేవాళ్ళకి వస్తుంది. మీరేం పని చేస్తారు?"

నేను నా చెయ్యి చూసుకుంటున్నాను. ఇంకా అలాగే ఉంది. వేలు లోపల, పిడికిలి బిగించి, మణికట్టు కిందికి.

"పాలు పితుకుతుంది" అన్నాడు తమ్ముడు.

"ఎలా పితుకుతారు?"

వాడు నా చెయ్యి వైపు చూపించాడు. "అలాగే."

డాక్టరమ్మ వంగి కింద పడిన కలం తీసుకుంది. "రెండు పూటలా?"

"రెండు పూటలా."

"ఎవరు నేర్పారమ్మా?"

"మా నాన్న" అన్నాను. "ఆయన చెయ్యి ఎప్పుడూ వాచలేదు."

"నాన్న బొటనవేలు నిలబడేది కాదు కదక్కా" అన్నాడు తమ్ముడు.

వాడి మొహం చూశాను. మామూలుగానే ఉంది. తెలిసిన సంగతి చెప్పినట్టు.

"గడ్డి బండి మీద నుంచి పడ్డాడు కదా, మనం పుట్టకముందు. మణికట్టు వంకరగా అతుక్కుంది. తర్వాత వేలు వాలిపోయింది. బయటికి చాచమంటే చాచలేకపోయేవాడు. లోపలికి మడిచి పెట్టుకునేవాడు, అడ్డం రాకుండా."

డాక్టరమ్మ తల ఊపింది. "అవుతుంది. ఎముక అతికినా ఆ రాపిడికి వేలుని లేపే నరం తర్వాత తెగిపోతుంది ఒక్కోసారి. అప్పట్లో ఎవరు చూశారు. ఆయనకి వేరే దారి లేదు, మడిచారు. మీకు ఏం వచ్చిందమ్మా మడవడానికి?"

సూది వేసింది, వాపులోకే. బొటనవేలు దాకా కదలకుండా ఒక పట్టీ. నాలుగు వారాల దాకా పితకకూడదు, పిండకూడదు, రాయకూడదు. తగ్గకపోతే చిన్న కోత.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తమ్ముడితో మాట్లాడలేదు. వాడు నాకంటే చిన్నవాడు. వాడికేం తెలుసు.

మే 15

నిన్న పట్టీ విప్పి రాశాను, రాత్రంతా పోటు. ఇవాళ ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గీరినట్టుంది.

మే 16

నాన్న చొక్కా బొత్తాలు అమ్మ పెట్టేది. వీధి అరుగు మీద, అందరి ముందూ. నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది. ఈ వయసులో ఈ సరసాలేంటి అనుకునేదాన్ని.

మే 17

అగ్గిపుల్ల ఎడమ చేత్తో గీసేవాడు.

మే 18

అయితే ఏంటి.

మే 25

పట్టీ లోపల దురద. పుల్ల దూర్చి గోక్కుంటున్నాను. చెమట పట్టి లోపల పులిసిన వాసన. తినేటప్పుడు చెయ్యి బల్ల కింద పెట్టుకుంటున్నాను. తమ్ముడు చప్పుడు చేస్తాడు, నేను వాసన వేస్తాను. మరదలికి మంచి ఇల్లు దొరికింది.

పాలు మరదలే పితుకుతోంది. గదిలో కూర్చుని విన్నాను. మోగడం లేదు. చప్పుడే లేదు, ఏదో నురగలో నురగ పడ్డట్టు. ఏం పితుకుతుందో ఏమో అనుకున్నాను. క్యాను నిండుగా వెళ్ళింది.

మే 30

తమ్ముడు చెప్పాడు, మచ్చావు ఆ వెనక చన్ను ఎండిపోయిందని. లోపల గట్టిపడిపోయింది, ఇక రాదంట. డాక్టరు కూడా చూసి తేల్చాడంట.

"మూడు చన్లతో ఉంటుందిలే అక్కా. మిగతావి బాగానే ఇస్తోంది."

"అమ్మేస్తావా?"

"ఎందుకు? అంతా చేపుతోంది. దీని చేతికి అలవాటు పడింది."

దీని చేతికి. అంటే వాడి పెళ్ళాం చేతికి. ఇన్నేళ్ళ ఆవు నెల తిరగకుండా చెయ్యి మార్చుకుంది. పశువుకి సిగ్గుండదు.

జూన్ 6

మరదలు వచ్చి, "వదినా, ఈ చెంబు నాకు ఇరుకు. బకెట్‌లో పితుకుతాను. చెంబు ఎక్కడ పెట్టమంటారు?" అంది.

"పొయ్యిలో పెట్టు."

వెళ్ళిపోయింది. సాయంత్రం చూస్తే నా మంచం పక్కన కిటికీలో పెట్టి ఉంది. తోమి, బోర్లించి. దాని అడుగున ఒకే చోట చిన్న గుంట. నాన్న ధారా, నా ధారా పడ్డ చోటనుకున్నాను. పాలకి ఇత్తడి గుంట పడదు. ఎప్పుడో కింద పడి ఉంటుంది.

జూన్ 12

డాక్టరమ్మ మళ్ళీ చూసింది. వాపు తగ్గింది. పరీక్ష పెడితే తన్నలేదు, ఉఫ్ అన్నాను అంతే. మెల్లగా వాడొచ్చు, మిగతా వేళల్లో పట్టీ ఉంచుకోండి అంది. "కానీ ఆ పాత పద్ధతి వద్దమ్మా. వేలు లోపలికి పెట్టారంటే మళ్ళీ నా దగ్గరికే."

పెయ్యకి ఇంకా పది పన్నెండు రోజులు ఉంది. అప్పటికి చేతికి బలం వస్తుంది. తమ్ముడికి అదే చెప్పాను. "సరే అక్కా" అన్నాడు. మరదలు కూర తరుగుతోంది. కత్తి ఆగింది, మళ్ళీ కదిలింది.

జూన్ 15

రబ్బరు చేతితొడుగు వేలు ఒకటి నీళ్ళతో నింపి, దూలానికి కట్టి, గుప్పెటతో పితికి చూశాను. గది తలుపు వేసుకుని, పట్టీ విప్పి. బొటనవేలు బయట పెట్టాలి అనుకుంటూ మొదలు పెడతాను. నాలుగో లాగుకి లోపలికి పోతుంది. తీసి బయట పెడతాను. మళ్ళీ పోతుంది. పుట్టలోకి పాము పోయినట్టు. చూస్తే రోత పుట్టింది. నా వేలు నా మాట వినదు, చచ్చినాయన మాట వింటుంది.

జూన్ 17

నురగాయన గడ్డ పగలగొట్టించుకున్నాడంట. మళ్ళీ లేచిందంట. ముందుకంటే పెద్దది. తమ్ముడు చెప్తే నవ్వు వచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

జూన్ 20

మళ్ళీ తొడుగుతో. కాస్త నయం. కాదు, అలాగే.

జూన్ 26

పెయ్య ఈనింది. పగలు, అన్నాల వేళ దాటాక. ఆడదూడ.

దూడ కాళ్ళు బయటికి రాగానే నేనూ తమ్ముడూ పట్టుకుని లాగాం. జిగురూ రక్తమూ పట్టీ మీద పడి లోపలికి ఇంకింది. ఇక దాన్ని ఉంచుకోలేక విప్పి గోడ వైపు విసిరేశాను. లోపల చెయ్యి సన్నగా, పాలిపోయి, చమురు పట్టినట్టుంది. ఇంకొకరి చెయ్యి తగిలించుకున్నట్టు. మరదలు వేడినీళ్ళు తెచ్చింది. పొదుగు కడిగింది. గుడ్డతో తుడిచి పక్కకి జరిగి నిలబడింది. తమ్ముడు గుమ్మంలో. ఎవరు కూర్చుంటారని ఎవరూ అనలేదు.

నేను కూర్చున్నాను. కిటికీలో నుంచి చెంబు తెచ్చుకున్నాను ముందే.

తొలిచూలు చన్లు పొట్టిగా ఉంటాయి. మూడు వేళ్ళకి అందితే గొప్ప. గుప్పెడు పెట్టాను. బొటనవేలు బయట. ఒక్క లాగు. ఇంకొకటి. పెయ్య తల తిప్పి నన్ను చూసింది. మూడోసారి చెయ్యి కిందికి వంగుతుంటే కణుపు చన్నుకి ఆనడం తెలిసింది. నేను మడవలేదు. అదే మడుచుకుంది. మణికట్టులో పాత పోటు, సన్నగా, ఇంటికి వచ్చిన చుట్టంలా. పెయ్య వెనక కాలు కొంచెం ఎత్తి దించింది. ఇంకా తన్నలేదు.

పక్క గుంజకి దాని తల్లి. మచ్చావు. మూడు చన్లు నిండుగా, నాలుగోది ఖాళీ చేతితొడుగు వేలులా వేలాడుతోంది. దాని మీద ఈగ వాలింది. ఆవుకి తెలియలేదు. ఆ చన్నులో తెలివి కూడా పోయింది కాబోలు.

లేచాను.

"కూర్చో" అన్నాను.

"ఎవరు వదినా?"

"ఈ పాకలో ఇంకెవరున్నారు? వాడు కూర్చుంటాడా?"

తమ్ముడు నవ్వబోయి మానుకున్నాడు.

"మీరు పితుకుతారనుకుని నేను..."

"కూర్చోమంటున్నానా లేదా. ముర్రుపాలు గడ్డకడతాయి. దూడకి ఎప్పుడు పట్టిస్తావు?"

బకెట్ తిరగేసి కూర్చుంది. చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. ఇచ్చాను. తీసుకుని మోకాళ్ళ మధ్య పెట్టుకుంది, ఇరుకైనా. నేను వెళ్ళి పెయ్య తల పట్టుకున్నాను, గంగడోలు గోకుతూ. మొదటి ధార చిక్కగా, పసుపుపచ్చగా వచ్చింది. మచ్చావు చీము గుర్తొచ్చింది. మొహం తిప్పుకున్నాను. మళ్ళీ చూశాను. ముర్రుపాలే. శుభ్రంగా ఉన్నాయి. పెయ్య చెవులు వాల్చింది. చేపుతోంది.

"బొటనవేలు బయట పెట్టు" అన్నాను.

"బయటే ఉంది వదినా."

"బయటే ఉంచు. లోపలికి పోనియ్యకు."

"అలాగే వదినా" అంది. తల ఎత్తలేదు. భుజాలు కదులుతున్నాయి.

నవ్వుకోనీ. చెంబు సగానికి వచ్చేదాకా రెండుసార్లు చెప్పాను, మూడుసార్లేమో. చివరిదాకా వేలు బయటే ఉంచింది. పక్కన నిలబడి చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఎలా పితికేదో.